సీమచింతను వెతుక్కుంటూ... సరిహద్దు దాటి!

తొక్క నల్లబడేదాకా మగ్గిన అరటిపండ్లు, నాలుగు గుప్పెళ్ల ముడిపంచదార, ఓ సీసా బీరు. మూడింటినీ బకెట్లో వేసి చేత్తో బాగా పిసికి, మూతపెట్టి రెండుమూడు రోజులు వదిలేయాలి. పులిసి బుడగలు తేలి, పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకునేంత వాసన వచ్చాక బ్రష్షుతో తీసి చెట్టు మొద్దులకు పూయాలి. అంతే... విందు సిద్ధం!

అతిథులు ఎవరంటారా? సీతాకోకచిలుకలు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం దక్షిణపు కొసన, మెక్సికో సరిహద్దుకు ఆనుకుని ఉన్న మిషన్ అనే ఊళ్లో వాటికి పెట్టే భోజనం ఇది. పూలలో తేనె ఉండగా ఈ కుళ్లిన పండ్లెందుకు అనిపించొచ్చు. వేడి దేశాల అడవుల్లో పుట్టిన సీతాకోకచిలుకల్లో చాలా జాతులు పూల జోలికి పెద్దగా పోవు. రాలి మగ్గిన పండ్ల రసం, చెట్టు బెరడు నుంచి కారే ద్రవం... అవే వాటికి ఇష్టం. ఆ పులిసిన వాసన గాలిలో కలిస్తే చాలు, ఏ కొమ్మ చాటునో ఉన్న ‘మలాకైట్’ కిందికి దిగివస్తుంది. చిలకపచ్చ అద్దాలను నల్లని చట్రంలో బిగించినట్టుండే రెక్కలు దానివి. పచ్చటి మలాకైట్ రాయి పేరే దానికి పెట్టారు. పక్కనే మొద్దుమీద మరొకటి వాలి ఉంటుంది, కానీ కనిపించదు. రెక్కలు మూస్తే అచ్చం ఎండిన బెరడు. తెరిచిందా... నెమలికంఠపు నీలం తళుక్కుమంటుంది. అది ‘మెక్సికన్ బ్లూవింగ్’.

అమెరికాలో ఇంకెక్కడా సులువుగా కనిపించని ఇలాంటి సీతాకోకచిలుకల కోసం ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో దేశం నలుమూలల నుంచీ జనం ఇక్కడికి వస్తారు. మెడలో బైనాక్యులర్స్, చేతిలో కెమెరా, నోట్లో మాత్రం మాట ఉండదు. పొద దగ్గర పదిమంది నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నారంటే, దక్షిణం నుంచి దారితప్పి ఏదో వచ్చిందన్నమాట.

లోయ కాని లోయ

ఈ ప్రాంతాన్ని అందరూ రియోగ్రాండ్ లోయ అంటారు. నిజానికి ఇక్కడ లోయా లేదు, కొండా లేదు. రియోగ్రాండ్ నది గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలిసేముందు పరిచిన చదునైన ఒండ్రునేల ఇది. మన గోదావరి, కృష్ణా డెల్టాల్లాంటిదే. నదికి ఉత్తరపు గట్టు అమెరికా, దక్షిణపు గట్టు మెక్సికో. అవతలివాళ్లు ఈ నదిని రియో బ్రావో అని పిలుస్తారు.

మిషన్ ఊరు ఉన్న అక్షాంశం మన జోధ్‌పూర్‌ది. కర్కాటక రేఖ ఇక్కడికి దక్షిణంగా దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, మెక్సికోలోని తమౌలిపాస్ రాష్ట్రం మీదుగా పోతుంది. ఆ చుట్టుపక్కలే తూర్పు సియెర్రా మాద్రె కొండలు, వాటి వాలుల్లో దట్టమైన అడవులు. అమెరికా ఖండంలో ఉత్తరాన చిట్టచివరి ఉష్ణమండల మేఘారణ్యాలుగా చెప్పుకునే ఎల్ సియెలో అడవులు అక్కడివే. ఆ అడవులకూ ఈ డెల్టాకూ మధ్య సముద్రం లేదు, ఎత్తైన పర్వతాలు లేవు. రెక్కలున్న దేనికైనా 300 కిలోమీటర్లు పెద్ద దూరమేం కాదు. అందుకే నాలుగు జిల్లాలంత ఉన్న ఈ చిన్న ప్రాంతంలో 300 దాకా సీతాకోకచిలుక జాతులను చూశారు. అమెరికా మొత్తంలో ఉన్నవి సుమారు 700. అంటే దేశంలోని జాతుల్లో దాదాపు నలభై శాతం ఈ ఒక్క మూలకే వస్తున్నాయి!

తెలుగువాళ్లెవరైనా మొదటిసారి ఇక్కడికి వస్తే ఓ చిత్రమైన అనుభూతి కలుగుతుంది. దారిపక్కన ముళ్లపొదలన్నీ ఎక్కడో చూసినట్టే ఉంటాయి. ఉండవూ మరి? మన సర్కారుతుమ్మకు దగ్గర చుట్టమైన మెస్కీట్ ఇక్కడ అడుగడుగునా కనిపిస్తుంది. నాగజెముడు జాతి పొదలు, లంటానా... అన్నీ ఇక్కడివే. అనంతపురం పొలిమేరలో బీడు చూస్తున్నట్టు ఉంటుంది. మనకు పరాయి దేశపు కలుపుగా తెలిసిన మొక్కలు కొన్ని ఇక్కడ సొంతింట్లో ఉన్నాయి. మన అడవుల్లో చొరబడి అటవీశాఖకు తలనొప్పిగా మారిన క్రోమొలీనా అనే పొదనే తీసుకోండి. ఇక్కడ దాని పేరు క్రూసీటా. శరదృతువులో లేత ఊదారంగు పూలతో నిండిన ఒక్క పొదమీద పదిహేను రకాల సీతాకోకచిలుకలు ముసురుకుంటే, దాన్ని పీకేయాలన్న ఆలోచన ఇక్కడ ఎవరికొస్తుంది?

‘క్వీన్’ అనే ఇటుకరంగు సీతాకోకచిలుక కూడా మనకు కొత్తగా అనిపించదు. జిల్లేడు ఆకులు తిని పెరిగే మన ‘ప్లెయిన్ టైగర్’కు అది దగ్గరి బంధువు. నీలిపూల మిస్ట్‌ఫ్లవర్ మొక్కల మీద అవి పదులకొద్దీ వాలి కదలకుండా ఉంటాయి. వాటిలో ఎక్కువ మగవే. ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకోవడానికి ఆ పూలలోని రసాయనం వాటికి కావాలి. అత్తరు దుకాణం ముందు పెళ్లికొడుకుల వరస అనుకోవచ్చు.

గాలి ఎటు వీస్తే...

ఇవన్నీ ఉత్తరానికి ఎందుకొస్తాయి? మోనార్క్ సీతాకోకచిలుకల వలస గురించి చాలామంది వినే ఉంటారు. కెనడా నుంచి మెక్సికో కొండలదాకా ఏటా ఒకే దారిలో, ఒకే కాలంలో పోతాయవి. దక్షిణం నుంచి వచ్చే ఈ అతిథుల లెక్క వేరు. వాటికి గమ్యం లేదు, టైంటేబులు లేదు. ఈశాన్య మెక్సికోలో వేసవి చివర వానలు పడితే అడవి చిగురిస్తుంది. చిగుళ్లు ఉంటే గొంగళిపురుగులకు పండగ. గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి చాలా జాతులకు నెలరోజుల అటూఇటూ సరిపోతుంది. వానాకాలంలో ఒక తరం మీద ఇంకో తరం పుట్టుకొచ్చి, అక్టోబరు నాటికి సంఖ్య బాగా పెరుగుతుంది. ఉన్నచోట ఆకులు చాలవు. కొన్ని అటూ ఇటూ తిరగడం మొదలుపెడతాయి. గల్ఫ్ మీంచి వీచే ఆగ్నేయపు గాలి తోడైతే ఉత్తరానికి వచ్చేస్తాయి. ఆ అక్టోబరులోనే మోనార్క్‌లు టెక్సస్ మీదుగా దక్షిణానికి పోతుంటాయి. అంటే ఒకే ఆకాశంలో కొన్ని చలికి భయపడి కిందికి దిగుతుంటే, ఇంకొన్ని చలి సంగతే తెలియక పైకి వస్తుంటాయి.

వచ్చినవాటిలోనూ రకాలున్నాయి. చుట్టపుచూపుగా ఒక్కటే వచ్చి, రెండు రోజులు కనిపించి మాయమయ్యేవి కొన్ని. వానలు బాగున్న ఏడాది గుంపులుగా వచ్చి, గుడ్లు పెట్టి, ఒకటి రెండు తరాలు కాపురం చేసేవి కొన్ని. ఇక్కడే స్థిరపడిపోయినవి మరికొన్ని. నల్లని రెక్కలమీద పసుపు చారలుండే ‘జీబ్రా హెలికోనియన్’, నారింజరంగు ‘జూలియా’ ఈ లోయలో తరచూ కనిపించేవే. మనం కృష్ణకమలం, రాఖీ పువ్వు అని పిలుచుకునే తీగ ఉంది కదా, ఆ జాతి తీగల ఆకులే రెండింటి పిల్లలకూ తిండి. జీబ్రాలు తేనెతో పాటు పుప్పొడి కూడా తింటాయి కాబట్టి నెలల తరబడి బతుకుతాయి. పొద్దుగూకితే అన్నీ ఒకే కొమ్మకు చేరి వేలాడుతూ నిద్రపోతాయి. ఈ రెండు జాతులూ ఒక్కోసారి నెబ్రాస్కా దాకా వెళ్లినట్టు నమోదైంది. ఇక్కడికి అది పదిహేను వందల కిలోమీటర్లకు పైమాటే!

వాన, కరవు కలిసి ఆడే ఆటకు అసలైన ఉదాహరణ కావాలంటే ‘స్నౌట్’ను చూడాలి. పొడుగు ముక్కున్న బూడిదరంగు చిన్న ప్రాణి. తీవ్రమైన కరవు తర్వాత గట్టి వాన పడితే ముళ్ల హాక్‌బెర్రీ పొదలు ఒక్కసారిగా చిగురించి, ఇవి లెక్కలేనన్ని పుడతాయి. 1921లో శాన్ మార్కోస్ నుంచి రియోగ్రాండ్ వరకూ 250 మైళ్ల వెడల్పున నిమిషానికి రెండున్నర కోట్ల స్నౌట్‌లు దాటి వెళ్లాయని అంచనా. ఆ ప్రవాహం 18 రోజులు సాగింది. అలాంటి ఏళ్లలో కారు అద్దాలు తుడుచుకోలేక డ్రైవర్లు తిట్టుకుంటారు.

సీమచింత చెప్పే కథ

దారితప్పి వచ్చిన సీతాకోకచిలుక నిలదొక్కుకోవాలంటే తేనె ఒక్కటే సరిపోదు. తేనె ఏ పువ్వులోనైనా దొరుకుతుంది. గుడ్లు మాత్రం ఎక్కడపడితే అక్కడ పెట్టదు. దాని పిల్లలు తినే ఆకు ఒకటో రెండో రకాలే. ఆ మొక్క లేకపోతే ఎంత దూరం ఎగిరొచ్చినా ఆ ప్రయాణం ఆ ఒక్క జీవితంతో ముగిసిపోతుంది.

‘రెడ్-బార్డర్డ్ పిక్సీ’ కథ ఇక్కడే చెప్పుకోవాలి. రూపాయి బిళ్లకంటే పెద్ద సీతాకోకచిలుక. నల్ల పట్టుచీరకు ఎర్రంచు వేసి, పైట కొసకు పసుపు అద్దినట్టుంటుంది. అమెరికా మొత్తంలో ఈ దక్షిణ టెక్సస్‌లో తప్ప ఎక్కడా కనిపించదు. దాని పిల్లలకు కావాల్సిన చెట్టును ఇక్కడివాళ్లు గ్వాముచిల్ అంటారు. మనకు అది చిన్నప్పటి నుంచీ తెలుసు. సీమచింత! బడి బయట కాగితప్పొట్లాల్లో అమ్మే, ఎర్రగా వంకర్లు తిరిగిన ఆ కాయల చెట్టే.

మెక్సికో, మధ్య అమెరికా దాని పుట్టిల్లు. స్పానిష్ ఓడల్లో ఫిలిప్పీన్స్ చేరి, అక్కడినుంచి మన దేశానికి వచ్చిందంటారు. మనవాళ్లు ‘సీమ’ అని పేరుకు ముందు తగిలించి ఊరుకున్నారు. మన దగ్గర పసుపు రెక్కల చిన్న సీతాకోకచిలుకలు కొన్ని దాని ఆకులు తినడం నేర్చుకున్నాయి కూడా. అదే చెట్టును రియోగ్రాండ్ లోయవాళ్లు ఇళ్లముందు, పార్కుల్లో నీడకోసం నాటుకున్నారు. చెట్టు వెనకే పిక్సీ వచ్చింది. ఎవరో ఇంటిముందు నీడ కావాలనుకున్నందుకు ఒక సీతాకోకచిలుక జాతికి ఓ కొత్త దేశం దొరికింది. శాస్త్రవేత్తల నివేదికల్లో దీన్ని ‘విస్తరణ’ అని రాస్తారేమోగానీ, చూడబోతే ఇది ఇరుగుపొరుగు వ్యవహారంలా ఉంటుంది. ఒక వీధిలో సీమచింత ఉంటే పిక్సీ ఉంటుంది. పక్క వీధిలో లేకపోతే లేదు.

ఇంత సన్నని దారంమీద వేలాడే కాపురానికి మొదటి శత్రువు చలి. సీమచింతకు మంచు పడదు. ఈ లోయలో శీతాకాలం మామూలుగా మెత్తగానే ఉంటుంది. కానీ కొన్నేళ్లకోసారి ఉత్తరధ్రువపు గాలి అడ్డూఆపూ లేకుండా మైదానాల మీదుగా ఇక్కడిదాకా దూసుకొస్తుంది. 1983, 1989 డిసెంబరుల్లో అలా వచ్చిన చలికి ఇక్కడి నారింజ, గ్రేప్‌ఫ్రూట్ తోటలు ఎండిపోయాయి. మిషన్ అంటే ఎర్ర గ్రేప్‌ఫ్రూట్‌కు పెట్టింది పేరు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా కరెంటు లేక వణికిన రోజుల్లో ఈ లోయలోనూ ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందికి పోయి తోటలు మళ్లీ దెబ్బతిన్నాయి. చెట్లే తట్టుకోలేనిచోట గ్రాము బరువైనా లేని ప్రాణుల సంగతి చెప్పేదేముంది! అలాంటి ఏడాది తర్వాత ఉష్ణమండల జాతులకు కథ మళ్లీ మొదటినుంచీ మొదలు. దక్షిణం నుంచి కొత్తవి రావాలి. వాటికి మొక్కలు మళ్లీ చిగురించి కనిపించాలి.

భూమి వేడెక్కుతోంది కదా, ఇక వీటికి తిరుగేముంది అనుకోవచ్చు. కొంతవరకు నిజమే. ఉత్తరాన మసాచుసెట్స్ రాష్ట్రంలో ఔత్సాహికులు 1992 నుంచి 2010 వరకూ రాసిపెట్టుకున్న లెక్కలను పరిశోధకులు విశ్లేషించి 2012లో ప్రచురించారు. చల్లని ప్రాంతాల జాతులు తగ్గి, ఒకప్పుడు అరుదైన దక్షిణాది జాతులు పెరిగాయని తేలింది. వాటిలో ‘జెయింట్ స్వాలోటెయిల్’ ఒకటి. మన నిమ్మ, కరివేపాకు మొక్కల మీద పెరిగే పెద్ద సీతాకోకచిలుకల కుటుంబమే అది. కానీ నాణేనికి రెండోవైపు 2025లో వచ్చిన మరో అధ్యయనం ఉంది. 2000 నుంచి 2020 వరకు అమెరికాలో మొత్తం సీతాకోకచిలుకల సంఖ్య 22 శాతం పడిపోయిందని అది లెక్కతేల్చింది. వెచ్చదనం దారి తెరవగలదు, దారిలో తిండి మాత్రం పెట్టలేదు.

గోడ, దానిముందు ఖాళీ

ఈ లోయలో అసలైన కొరత తిండిదే. ఇరవయ్యో శతాబ్దంలో కాల్వలొచ్చాయి. పత్తి, చెరకు, కూరగాయలు, నిమ్మజాతి తోటలు వేశారు. తర్వాత ఊళ్లు పెరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇప్పుడు ఇక్కడ 13 లక్షలకు పైగా జనం ఉన్నారు. ఒకప్పటి ముళ్లపొదల అడవిలో 95 శాతానికి పైగా పోయిందని వన్యప్రాణి విభాగం అంచనా. మిగిలింది నది వెంబడి ముక్కలు ముక్కలుగా ఉంది. 1943లో ఏర్పాటైన శాంటా ఆనా అభయారణ్యం అలాంటి ముక్కల్లో ఒకటి, రెండువేల ఎకరాలు. 1979లో లోయ మొత్తానికీ మరో అభయారణ్యాన్ని ప్రకటించి, పాత పొలాలు కొంటూ, వాటిలో స్థానిక మొక్కలు నాటుతూ ఈ ముక్కలను కలిపే పని మొదలుపెట్టారు.

మిషన్‌లోని నేషనల్ బటర్‌ఫ్లై సెంటర్ కూడా ఒకప్పటి సాగుభూమే. నార్త్ అమెరికన్ బటర్‌ఫ్లై అసోసియేషన్ అనే సంస్థ నది ఒడ్డున వంద ఎకరాల్లో ఒక్కో మొక్కా నాటుకుంటూ వచ్చింది. రెండు వందలకు పైగా జాతులు అక్కడ కనిపించాయి. దాని పేరు ప్రపంచమంతటికీ తెలిసింది మాత్రం సీతాకోకచిలుకల వల్ల కాదు, గోడ వల్ల!

2017 జులైలో సరిహద్దు గోడ పనికి వచ్చిన కూలీలు కేంద్రం స్థలంలో పొదలు నరుకుతూ కనిపించారు. ముందు చెప్పింది లేదు, అడిగింది లేదు. నిర్వాహకులు ఆ డిసెంబరులో కోర్టుకెక్కారు. గోడ నది ఒడ్డున కాకుండా లోపలికి, వరదకట్ట మీద వస్తుంది. అలా కడితే వంద ఎకరాల్లో 70 దాకా గోడకు అవతలే మిగిలిపోతాయి. చివరికి 2019 ఫిబ్రవరిలో కాంగ్రెస్ ఆమోదించిన బడ్జెట్ చట్టంలో ఈ కేంద్రానికీ, శాంటా ఆనాకూ, పక్కనున్న బెంట్‌సెన్ పార్కుకూ, లా లొమీటా అనే పాత ప్రార్థనాలయానికీ మినహాయింపు ఇచ్చారు. మిషన్ ఊరికి ఆ పేరు వచ్చింది ఆ లా లొమీటా మిషన్ వల్లే. గొడవ అక్కడితో ఆగలేదు. కేంద్రం మీద అబద్ధపు ప్రచారం, బెదిరింపులు పెరగడంతో 2022 మొదట్లో కొన్ని వారాలు గేట్లు మూసేయాల్సి వచ్చింది.

ఎగిరే పురుగుకు గోడ అడ్డమేమిటి అని వెటకారం చేసినవాళ్లున్నారు. ప్రశ్న సబబుగానే ఉంది. చాలా జాతులు గోడ దాటగలవు. వాటికి చేటు చేసేది గోడ ముందు ఖాళీ. గస్తీ కోసం గోడ పక్కన 150 అడుగుల వెడల్పున చెట్టూచేమా లేకుండా చదును చేయాలన్నది ప్రణాళిక. రాత్రంతా దీపాలు వెలగాలి. మిగిలిన అడవే నది వెంబడి సన్నని పట్టీగా ఉంటే, అందులోంచి 150 అడుగులు తీసేస్తే ఏం మిగులుతుంది? రాఖీ పువ్వు తీగలు, హాక్‌బెర్రీ పొదలు ఉండేది ఆ పట్టీలోనే.

గోడ వచ్చిన చోట ఎలా ఉంటుందో చూడాలంటే బ్రౌన్స్‌విల్‌లోని సబాల్ పామ్ అభయారణ్యానికి వెళ్లాలి. మన తాటితోపులను గుర్తుకుతెచ్చే సబాల్ చెట్ల వనం అది. ఒకప్పుడు నది వెంట మైళ్లకొద్దీ ఉన్న ఆ చెట్లకు ఇప్పుడు మిగిలిన చివరి నెలవుల్లో ఒకటి. ఎత్తైన ఇనుప కమ్మీల కంచెలో వదిలిన సందులోంచి కారు పోనిచ్చి లోపలికెళ్లాలి. ఆ క్షణాన అమెరికాలో ఉన్నట్టా, దాటిపోయినట్టా అని సందేహం వస్తుంది. సీతాకోకచిలుకలకు ఆ సందేహం లేదు.

వెళ్లాలనుకుంటే...

టెక్సస్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నుంచి సౌత్ పాడ్రే దీవి బీచ్‌కు సెలవుల్లో కార్లు వేసుకుని పోయేవాళ్లు ఎందరో. ఆ దారిలో ఒకరోజు మిషన్‌కు కేటాయిస్తే చాలు. హ్యూస్టన్ నుంచి సుమారు 560 కిలోమీటర్లు, డాలస్ నుంచి 800 పైచిలుకు. పక్కనే మెకాలెన్‌లో విమానాశ్రయం ఉంది. అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరిదాకా మంచి సమయం. బాగా పొద్దున్నే వెళ్లి లాభం లేదు. ఎండ తగిలి ఒళ్లు వేడెక్కితేగానీ సీతాకోకచిలుకలు ఎగరలేవు. పదింటికి మొదలుపెట్టి మూడింటిదాకా తిరగొచ్చు. మబ్బుపట్టి చల్లగాలి వీచే రోజైతే కాళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలవు.

వెస్లకోలోని ఎస్తేరో యానో గ్రాండే పార్కునూ వదలొద్దు. అందులో ‘ట్రాపికల్ జోన్’ అనే భాగం ఒకప్పుడు ట్రెయిలర్ ఇళ్ల కాలనీ. ఇళ్లు పోయినా, పెరట్లో అప్పట్లో వాళ్లు నాటుకున్న మొక్కలు మిగిలాయి. పక్షులూ సీతాకోకచిలుకలూ వాటిని ఆక్రమించేశాయి. చలికాలం గడపడానికి ఉత్తరాది నుంచి వచ్చే పెద్దవాళ్లు కొందరు అక్కడే బెంచీల మీద కూర్చుని ఉంటారు. ‘వింటర్ టెక్సన్లు’ అని వాళ్లకు ముద్దుపేరు. ఏ పొదమీద ఏముందో అడిగితే ఓపిగ్గా చూపిస్తారు.

పిక్సీని చూడాలంటే మాత్రం గైడు అక్కర్లేదు. పాత వీధుల్లో నడుస్తూ చెట్ల వైపు చూస్తే చాలు. శరదృతువులో కాయలుండవు. కొమ్మలకు జంట ముళ్లు, రెండేసి రెండేసిగా విడివడిన చిన్న ఆకులు కనిపిస్తే అదే సీమచింత. ఇంటివాళ్లను ఓ మాట అడిగి, నీడలో కాసేపు నిలబడాలి. ఎర్రంచు రెక్కలు ఆకుల కిందే తలకిందులుగా అతుక్కుని ఉంటాయి.